వెనక్కి తిప్పిన సీటు

స్పానరక్క వేళ్లు చక్రం స్పోకుల మీద నడుస్తున్నాయి. ఒక్కొక్కటీ మీటి చూసింది. ఏదీ వదులుగా లేదు. బ్రేకులు నొక్కింది, గొలుసు తిప్పింది. ఆరో నంబరు సైకిలు భేషుగ్గా ఉంది. సీటు మాత్రం వెనక్కి తిరిగి ఉంది.

ఫోన్‌తో తాళం తీసి ఎవరైనా తొక్కుకుపోయే అద్దె సైకిళ్లవి; ఈ స్టాండులో ఆరున్నాయి. చెడిపోయినదాని సీటు వెనక్కి తిప్పి వదలడం తొక్కేవాళ్లలో ఎప్పుడో పడిన అలవాటు. ఆ గుర్తు పట్టుకుని బాగుచేయడం స్పానరక్క ఉద్యోగం. ఇరవై ఏళ్లు కుట్టుమిషన్లు విప్పి బిగించిన చెయ్యి; సైకిళ్ల పని తనంతట తనే నేర్చుకుంది. ఈ బండికి ఇలా సీటు తిరగడం నెలలో నాలుగోసారి. ఇక డిపోకి తెచ్చేయమన్నాడు సూపర్‌వైజరు.

వ్యానులోకి ఎత్తబోతుంటే ఒక పొట్టి మనిషి పరుగున వచ్చి హ్యాండిలు పట్టుకుంది. ఒంటి మీద ఆసుపత్రి లాండ్రీ యూనిఫాం.

"అక్కా, తీసుకెళ్లకు! దానికేం కాలేదు. సీటు నేనే తిప్పా, ఇంకెవరూ ముట్టుకోకుండా."

"మిగతా ఐదూ ఏం పాపం చేశాయమ్మా?"

"వాటి సీట్లు కిందికి దిగవు. ఎక్కితే నా కాళ్లు గాల్లో వేలాడతాయి. ఇది దొరకని రోజు నడిచే వెళ్లా. రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే పనిలోకి రావద్దన్నారు."

"బస్సుందిగా?"

"అది ఊరంతా చుట్టొచ్చేసరికి దుప్పట్లు ఆరిపోతాయి! సొంత సైకిలంటావా, మూడో అంతస్తుకి ఎవరు మోస్తారు? మా ఆయన కూరగాయల సంచికే ఆయాసపడతాడు. ఇదైతే దిగి తాళం వేసి నా దారిన నేను పోవచ్చు."

"నువ్వు ఉత్తినే సీట్లు తిప్పితే నిజంగా చెడిందేదో నాకెలా తెలుస్తుంది?"

"తప్పేనక్కా," అంది లాండ్రీ ఆవిడ తల వంచుకుని.

"సరే, దాని మీదే వెళ్లు. టైమవుతోంది."

ఆమె వెళ్లగానే స్పానరక్క మిగతా ఐదింటినీ ముందేసుకుంది. సీటు కింది రాడ్లు తుప్పుపట్టి గొట్టంలో బిగుసుకుపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ చక్రాలూ బ్రేకులూ చూసిందే తప్ప, సీటు దించి చూడాలని తనకూ తోచలేదు. ఆ సంగతి కొంచెం గుచ్చుకుంది. కిరోసిన్ పోసి నాననిచ్చి, ఒక్కో రాడ్డునూ మెలితిప్పి లాగి, గరుకు కాగితంతో రుద్ది గ్రీజు పూసింది. నాలుగు దారికొచ్చాయి. ఐదోది చచ్చినా కదల్లేదు, దాన్ని వ్యానెక్కించింది.

మధ్యాహ్నం మూడింటికి లాండ్రీ ఆవిడ డ్యూటీ దిగి ఆరో నంబరు మీద వచ్చింది. స్పానరక్క రెండో నంబరు సీటు అడుగంటా దించి, "ఎక్కి చూడు," అంది.

ఎక్కింది. రెండు పాదాలూ నేలకు ఆనాయి. దిగి, బాగైన మిగతా మూడింటి సీట్లూ తనే దించుకుని ఎక్కి చూసింది. అన్నిటి మీదా ఆనాయి.

"అయితే రేపు ఏది దొరికితే అది తీసుకోవచ్చా?"

"నీ ఇష్టం."

స్పానరక్క నాలుగు నంబర్లూ ఫోన్‌లో 'సిద్ధం' అని నొక్కి, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంది.