మూడు ముందుకు, ఒకటి వెనక్కి

పంజగుట్టలో ఒక కాలేజీ ల్యాబులో అటెండరు బాబూ మియా. చచ్చిన పిట్టను కోసి, దూది కూరి, బతికున్నట్టే కొమ్మమీద నిలబెట్టేవాడు. ఇంత పనిమంతుడికి ఇంట్లో మాత్రం తలెత్తే వీల్లేదు. ఎనభయ్యో సంవత్సరం ఎండాకాలంలో ఎవరో తెచ్చిచ్చిన, తలమీద ఈకల కుచ్చున్న పిట్టకు దూది కూరాడు. అదే వారం ఆరేళ్ల కూతురు నఫీసాకు జ్వరమొచ్చి మాట పడిపోయింది. నాలుగేళ్లయినా తిరిగి రాలేదు.

అది హుద్‌హుద్ అనీ, సులేమాన్ ప్రవక్తకు కబుర్లు మోసిన పిట్టమీద కత్తి పెట్టినందుకే పిల్లకు ఈ గతి పట్టిందనీ భార్య ఫఖ్రున్నీసా తీర్పు. కాదు, వడ్రంగిపిట్ట అని అతని మొండి వాదన. అమీర్‌పేటలో వాళ్ల గల్లీ జనానికి కుచ్చున్న పిట్ట ఏదైనా వడ్రంగిపిట్టే; చీటీ మీద అతనూ అదే రాశాడు. పైగా నఫీసా రోజంతా అల్మారా చెక్కమీద వేలితో టక్ టక్‌మని కొడుతూ కూచునేది. ఆ చప్పుడుకు ఒళ్లు జలదరించినా, చెక్కను కొట్టేది వడ్రంగిపిట్టే కదా, హుద్‌హుద్ కాదు కదా అని పాపం సర్దిచెప్పుకునేవాడు.

ఎనభై నాలుగులో కాకినాడ నుంచి వీర్రాజు అనే కొత్త లెక్చరరు వచ్చాడు. కోట్ల ఏళ్ల కిందట రాయైపోయిన ఒక పిట్ట కాలు తాలూకు ప్లాస్టర్ అచ్చు తెచ్చి, ఇది వడ్రంగిపిట్టకు దూరపు చుట్టమని మురిసిపోతూ చూపించాడు. ఉత్త కాలుతో వంశమెట్లా తెలుస్తుందని బాబూ మియా అడిగాడు. మెల్లగా తన గోడూ చెప్పుకున్నాడు.

"దానికి భయమేంటి మియాగారూ, వేళ్లు లెక్కపెట్టండి" అన్నాడు వీర్రాజు. "రెండు ముందుకు, రెండు వెనక్కి ఉంటే వడ్రంగిపిట్ట. కంసాలిపిట్ట దాని దాయాది. చిలక్కీ కోయిలకీ కూడా అంతే, కానీ వాటి వంశం వేరు. హుద్‌హుద్‌కి మూడు ముందుకు, ఒకటి వెనక్కి. అది చెట్టును కొట్టదు, హుప్ హుప్ హుప్ అని కూస్తుందంతే."

అందరూ వెళ్లాక బాబూ మియా ఆ పిట్టను దాచిన పాత పెట్టె తెరిచాడు. పురుగు పట్టి ఈకలు రాలిపోయాయి, ముక్కు ఎప్పుడో విరిగింది. కాళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. చూపుడువేలితో తడిమాడు. ముందు మూడు. వెనక ఒకటి. మళ్లీ తడిమినా అంతే.

ఈ సంగతి ఇంట్లో చచ్చినా చెప్పకూడదనుకున్నాడు. చీకటి పడ్డాక ఎక్కడైనా పాతేద్దామని పిట్టను రుమాల్లో చుట్టి, సంచిలో అడుగున దాచి అమీర్‌పేటకు నడిచాడు. గుమ్మంలో కాలు పెట్టగానే టక్ టక్ ఆగిపోయింది. నఫీసా లేచి వచ్చి, అతని మొహం చూడకుండా, సంచిమీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది.

"హుప్. హుప్. హుప్."

వంటింట్లోంచి ఫఖ్రున్నీసా పరుగెత్తుకొచ్చింది. బిడ్డకు నోరొచ్చిందని ఏడుస్తూ నఫీసాను ముద్దులతో ముంచెత్తింది. బాబూ మియా సంచిని గుండెకు అదుముకుని గోడకు ఆనుకున్నాడు. ఆ గొంతు ఎవరిదో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు.