పిల్లల దిక్కు మొఖం

వైకల్యమున్న పిల్లలకు చదువు ఎలా చెప్పాలో పంతుళ్లమైన మాకు నేర్పడానికి, మన నేత కార్మికులు వలస వచ్చిన ఉధ్నాలోని మా తెలుగు బడికి ఒక మేడమ్ వచ్చేది. ఆమెది ఎప్పుడూ ఒకటే మాట: "మొఖం పిల్లల దిక్కు వెట్టి మాట్లాడుండ్రి. చెవులు వినవడని పిల్ల మీ పెదాలనే సదువుతది."

బోర్డు మీద రాసినంతసేపూ ఆమె నోరు విప్పేది కాదు. రాయడమయ్యాక మా వైపు తిరిగి, అప్పుడు మాట్లాడేది. మేం విసుక్కుంటే నవ్వేది. "బట్ట నేసే సాంచాల మోతల మీ ఇండ్లల్ల మొగోళ్లు ఎట్ల మాట్లాడుకుంటరు? పెదాలు చూసే గదా!"

అందరం తలలూపాం. తలలూపడంలో మా పంతుళ్లను మించినవాళ్లు లేరు.

కొన్నాళ్లకు మా పాఠాలు చూడటానికి వచ్చింది. ఆమె వెంట నేనూ మూడో తరగతికి వెళ్లాను. శిక్షణలో అందరికంటే ముందు కూర్చున్న సారే బోర్డుకేసి తిరిగి, రాస్తూనే పాఠం చెబుతున్నాడు. వెనక బెంచీలో చెవులు వినపడని పిల్ల ఆయన వీపును చూస్తోంది. మేడమ్ వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని, సార్ చెప్పే ప్రతి మాటనూ చప్పుడు లేకుండా పెదాలతో పలికింది. పిల్ల రెప్ప వేయలేదు.

గంట కొట్టాక సార్, "గింతమంది పిల్లలున్నరు మేడమ్. ఒక్క పిల్లకోసం ఎన్నిసార్లు తిరగాలె?" అన్నాడు.

"జర ఒక్కసారన్న తిరుగుండ్రి సారూ," అంది ఆమె.

"సరే మేడమ్," అన్నాడు, బోర్డు తుడుస్తూనే.

మర్నాడు ఆ తరగతి ముందునుంచి పోతూ చూశాను. సార్ వీపు అలాగే ఉంది. ఆ పిల్ల మాత్రం బోర్డు వైపు చూడటం మానేసి, నిన్న మేడమ్ కూర్చున్న ఖాళీ చోటు వైపు తిరిగి కూర్చుంది.