తాటిచెట్టంత రాళ్ల గుట్ట

ముందే చెబుతున్నా, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మలేషియాలో కేమరన్ కొండల మీద జీపుల్ని అడవి గేటు దగ్గరే ఆపేస్తే, ఆకాశం దాకా నడిచి, దారి చీలిన చోట నా గుర్తుగా తాటిచెట్టంత రాళ్ల గుట్ట పేర్చాను.

ఆ దేశంలోనే ఉన్న క్లాంగ్ ఊరి నుంచి వచ్చిన ఓ తెలుగావిడ పొగమంచులోంచి ఊడిపడింది.

“ఏటి సేసినావు బావూ? గుట్ట సూసి ఇదే దారనుకుంటారు! ఎనకాల మా ఆయన వస్తన్నాడు. ఇటేపు లోయ!”

ఏ రాయి ఎక్కడ దొరికిందో అక్కడే నా చేత పెట్టించింది. పెట్టిస్తూనే మంచులోకి కేకలేసింది. చివరికి ఆయన తాపీగా వచ్చాడు.

“నీ అరుపులకి కోతులు కూడా దిగొచ్చేసినాయే!”

ఆకాశం, తాటిచెట్టు నా కల్పన. గుట్ట నా మోకాలెత్తే. లోయలోకి దారి చూపడానికి ఆ ఎత్తు చాలు.