ఐదో ఆడపిల్లకు పెట్టిన పేరు

దొస్తా తన సమాధిరాయిని తన కళ్ళతోనే చూసుకుంది. మా స్తారా ప్లానినా కొండల కింద ఇదేమీ వింత కాదు. మొగుడు పోతే కొడుకులు ఒకే రాయి మీద ఇద్దరి పేర్లూ చెక్కిస్తారు, ఇద్దరి ఫొటోలూ అతికిస్తారు. పెళ్ళాం పేరు పక్కన పుట్టిన సంవత్సరం వేసి, ఒక గీత గీసి, మిగతాది ఆవిడే వీలు చూసుకుని పూర్తిచేస్తుందని వదిలేస్తారు. అంతటి నమ్మకం అంతకు ముందెప్పుడూ ఆవిడ మీద ఎవరూ ఉంచి ఉండరు.

మొగుడు రాంజెల్ సంవత్సరీకం రోజున కొడుకు స్లావ్కో రాయి మీది గుడ్డ తీశాడు. నున్నటి నల్లరాయి. పైన రాంజెల్, కింద దొస్తా, పక్కన 1947, ఆ పక్కన గీత. దొస్తా అంటే మా భాషలో 'చాలు' అని. బంగారు రంగు వేసి, జానెడేసి అక్షరాలతో, శ్మశానం గేటు దగ్గరికి కూడా కనిపించేట్టు 'చాలు' అని రాసి ఉంది.

"బాగుందా అమ్మా?" అన్నాడు స్లావ్కో, మెప్పుకోసం చూస్తూ.

"బాగుందిరా. దారినపోయేవాడు చదివి, నిజమే, ఈవిడ బతికింది చాల్లే అనుకుంటూ పోతాడు."

చెల్లెలు బిసెర్కా అక్కడే ఉంది. ఆమె ఎక్కడ ఉండాలో అక్కడ ఉండకపోవడం ఈ డెబ్భై ఏళ్ళలో ఎవరూ చూడలేదు. "ఫొటో ఎక్కడిదక్కా? పాస్‌పోర్టుదా? దొంగతనం కేసులో దొరికినట్టున్నావు," అంది.

దొస్తాకు ఒళ్ళు మండింది, కానీ మండింది ఫొటో గురించి కాదు. రాయి చెక్కినవాణ్ణి పక్కకు పిలిచి ఆ పేరు చెరిపి ఇంకోటి చెక్కడం కుదురుతుందా అని అడిగింది. అతను బొటనవేలితో అంచు తడిమి చూసి, "అరగదీయొచ్చు. ఒక్కసారికి సరిపడా మందం ఉంది. రెండోసారి అంటే రాయి ఉండదు. శనివారం లోపల చెప్పండి, ఆదివారం నేను జర్మనీ పోతున్నాను," అన్నాడు. అంటే దొస్తాకు కొత్త పేరు సంపాదించుకోడానికి అయిదు రోజుల గడువుంది. పాత పేరును భరించడానికి డెబ్భై రెండేళ్ళు పట్టింది కాబట్టి అయిదు రోజులు తక్కువేమీ కాదు.

ఆ పేరు ఎలా వచ్చిందో ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకు చెప్పనివాడు పాపాత్ముడు. తండ్రికి కొడుకు కావాలి. మొదట రుజిత్సా పుట్టింది, గులాబీ అని మురిపెంగా పెట్టారు. తర్వాత మిలున్కా, ముద్దులది అని. ఆ రెండింటితో మురిపెం అయిపోయింది. మూడోదానికి స్తానా అన్నారు, ఆగు అని అర్థం. ఆగలేదు. నాలుగోదానికి స్తామెంకా, కదలకుండా నిలువు అని. నిలవలేదు. అయిదోది పుట్టేసరికి నయంగా చెప్పే ఓపిక ఎవరికీ లేక దొస్తా అన్నారు. అదేం విచిత్రమో, దేవుడికి అదీ అర్థం కాలేదు. రెండేళ్ళకు ఆరోది పుట్టింది. తల్లి పదకొండో రోజున పోయింది. దేవుడితో పేర్ల ద్వారా మాట్లాడే పని అంతటితో మానేసి, ఆ తల్లిలేని పిల్లకు బిసెర్కా, ముత్యం, అని పెట్టారు. ఏడాది తిరక్కుండా తండ్రి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, ఆవిడ మొదటి కాన్పులోనే కొడుకును కంది. ఆయన కష్టం అలా తీరింది.

దొస్తా కష్టం మాత్రం అప్పుడే మొదలైంది. ఆమెకు ఆ పేరు పెట్టింది ఆడపిల్లల్ని ఆపే ఒకే ఒక్క పనికి, ఆ పని ఆమె చేయలేకపోయింది. తండ్రి తాగినప్పుడు "ఇదీ పనికి రాలేదు" అనేవాడు, తాగనప్పుడు చూపుతో అనేవాడు. బళ్ళో హాజరు పిలుస్తూ మాస్టారు ఆమె పేరు దగ్గర ఆగి, పిల్లలందరూ నవ్వడం అయ్యాక ముందుకు పోయేవాడు. పిరోత్‌లో టైర్ల కర్మాగారంలో పనికి కుదిరాక, భోజనశాల వరసలో వెనకనుంచి ఎవరైనా "దొస్తా" అని పిలిస్తే చాలు, వడ్డించే ఆవిడ గరిటె ఆపేసేది. ముప్పై ఏళ్ళపాటు ఆమె గిన్నెలో సూప్ సగమే పడింది. అయినా ఆమె ముగ్గురిని కని పెంచింది, మొగుడి చేత తాగుడు మాన్పించింది, ఇల్లు కట్టింది. మొగుడు మంచివాడే, ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, "ఇదుగో" అనేవాడు. అందుకే అతనితో నలభై ఏడేళ్ళు కాపురం చేయగలిగానని ఆమె అనేది.

ఆ 'ఇదుగో' అనేవాడు కూడా పోయాక, ఇక మిగిలింది రాయి మీదిదే. అది తన మీద శాశ్వతంగా కూచోవడం ఆమెకు ఇష్టం లేదు. ఎవరో వద్దనుకున్న పిల్లగా పుట్టాను సరే, వద్దనుకున్న పిల్లగానే పూడ్చడం ఎందుకు? ఇదే ఆమె బాధ, దాన్ని ఆమె ఎవరితోనూ ఇంత సూటిగా అనలేదు.

పురపాలక కార్యాలయంలో కాగితం నింపితే పేరు మారుతుందని స్లావ్కో అన్నాడు. కాగితానికి పేరు పెట్టే హక్కు ఎవరిచ్చారని దొస్తా అడిగింది. మా వైపు పేరు పెట్టేది కూమ్. బాప్తిస్మంలో బిడ్డను చేతుల్లో పట్టుకుని, పూజారి అడిగినప్పుడు పేరు పలికేవాడు. అతను ఏది పలికితే అదే, కన్నవాళ్ళు కూడా నోరెత్తకూడదు. ఆ బంధం తరాలు మారినా తెగదు, రెండు ఇళ్ళవాళ్ళూ ఒకరినొకరు కూమ్ అని, ఆడవాళ్ళయితే కూమా అని పిలుచుకుంటారు. దొస్తాకు పేరు పెట్టిన జహారియే ఎప్పుడో పోయాడు. మనవడు విదోయ్ ఉన్నాడు, పశువుల డాక్టరు. తాత చేసిన పనిని మనవడే సరిదిద్దాలి.

బుధవారం పొద్దున్నే ఆమె రొట్టె కాల్చి, రాకియా సారా సీసా ఒకటి, తానే అల్లిన ఉన్ని మేజోళ్ళు ఒక జత పట్టుకుని కూమ్ ఇంటికి వెళ్ళింది. విదోయ్ ఆమెను కూచోబెట్టి, చెంచాడు చెర్రీ పాకం, గ్లాసు నీళ్ళు ఇచ్చాడు. సంగతి విని బుర్ర గోక్కున్నాడు.

"కూమా, నేను ఇంతవరకూ దూడలకే పేర్లు పెట్టాను."

"పర్లేదు బాబూ. మీ తాత నాకు పెట్టినదానికంటే దూడలకు మంచివే పెట్టుంటావు."

పొయ్యి పక్కన మంచం మీద విదోయ్ మేనత్త, జహారియే కూతురు లాతిన్కా దుప్పటి కప్పుకుని ఉంది. ఎనభై ఒక్క ఏళ్ళు. నిద్రపోతోందో వింటోందో తెలియని వయసు.

విదోయ్ ఫోన్ తీశాడు. ఈ మధ్య బెల్‌గ్రేడ్‌లో పాత పేర్లకు గిరాకీ పెరిగిందట, నాయనమ్మలను పలకరించని వాళ్ళు కూడా నాయనమ్మల పేర్లు వెతికి మరీ పెట్టుకుంటున్నారట. అర్థాలతో సహా జాబితా దొరికింది.

"గ్రోజ్దా. ద్రాక్షగుత్తి అని అర్థం."

"నన్ను చూసి చెప్పు. కిస్మిస్ అంటే ఒప్పుకుంటాను."

"రుమెనా. ఎర్రటి బుగ్గలది."

"రాకియా తాగితే అవుతాను. తర్వాత?"

"వుకోసావా. తోడేలు పేరు. పురిటిపిల్లల్ని తినే మంత్రగత్తెలు భయపడి దగ్గరికి రారని పెట్టేవారట."

"ఇప్పుడు నన్ను తినాలంటే మంత్రగత్తెకు ముందు పళ్ళు కట్టించాలి."

"గ్వోజ్దెనా. ఇనుములాంటిది. చావకుండా గట్టిగా ఉండాలని."

"కుడి మోకాల్లో పెట్టించుకున్నాను, సరిపోయింది. రాయి మీద పెడితే, గట్టిగా ఉన్నదానివి ఇక్కడికెందుకొచ్చావు అంటారు."

విదోయ్ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "అయితే మీకేం కావాలి కూమా?"

దొస్తా ఆలోచించింది. "నేను పుట్టినందుకు ఒక్కరైనా సంతోషించినట్టుండే పేరు ఏదైనా ఉంటే చూడు," అంది చివరికి. "ఎవరిదో చిరాకు నా నెత్తిన రాసి పోయాడు మీ తాత. నాకు అది పోవాలి."

"మా నాన్న పెట్టలేదే ఆ పేరు," అంది మంచం మీదనుంచి లాతిన్కా.

ఇద్దరూ అటు తిరిగారు. ముసలామె కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నాన్న యెలెనా అనుకుని బయల్దేరాడు. వాళ్ళమ్మ పేరు."

"మరి మా నాన్న పెట్టించాడా?" అంది దొస్తా.

"మీ నాన్నెవరు చెప్పడానికి? మీ అమ్మ."

దొస్తా గ్లాసు కింద పెట్టింది. మీ అమ్మ అన్న మాట ఆమెతో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో. పెర్సిదా అని పేరు, చామనఛాయ అని విన్నది, అంతే ఆమెకు తెలిసింది.

"నాకు తొమ్మిదేళ్ళు," అంది లాతిన్కా. "బాలింత నలభై రోజులు గుడికి రాకూడదుగా, మీ అమ్మ ఇంట్లోనే ఉంది. పిల్లను గుడికి తీసుకెళ్ళడానికి మేం వస్తే నన్ను మంచం దగ్గరికి పిలిచింది. చెవిలో చెప్పింది. 'దొస్తా అని పలకమని మీ నాన్నతో చెప్పవే, నా ఒంట్లో ఇంక ఓపిక లేదు' అంది. 'నేను చెబితే మా ఇంట్లో వినేవాళ్ళు లేరు, గుళ్ళో కూమ్ పలికింది మాత్రం ఎవరూ కాదనలేరు' అంది. దారిలో నాన్నకు చెప్పాను. పూజారి అడిగినప్పుడు గట్టిగా పలికాడు. మీ నాన్న గుళ్ళో నవ్వాడు, దేవుడికి భలే చెప్పావు కూమ్ అని."

"తర్వాత?"

"తర్వాతేముంది, పేరు చెప్పడానికి నేనే పరిగెత్తుకుంటూ వచ్చాను. మీ అమ్మ లేచి కూచుంది. నాకు రెండు వాల్‌నట్లు ఇచ్చింది. ఆ పూట నుంచీ నిన్ను అలా పిలిచేది కాదు, అరిచేది. మీ నాన్న గడప తొక్కితే చాలు, పాలు తాగే పిల్లవి నువ్వు, నిన్ను పట్టుకుని దొస్తా, దొస్తా అనేది. గోడ అవతల మాకు వినబడేది. మీ నాన్నకు చెవులు బాగానే ఉండేవి."

విదోయ్ కిటికీ వైపు చూస్తున్నాడు. దొస్తా అడగాల్సింది ఇంకొకటి ఉంది, అడిగింది.

"నేనంటే వద్దనుకుందా, లాతిన్కక్కా?"

"నిన్ను ఒళ్ళోంచి దించేది కాదు. పిచ్చిదానా, చాలు అని నిన్ను అనలేదు. మీ నాన్నకూ తనకూ మధ్య నిన్ను అడ్డం పెట్టుకుంది."

దొస్తా ఏడ్చింది. పాకం చెంచా ఇంకా చేతిలోనే పెట్టుకుని, ఆ ఇంట్లోవాళ్ళ ముందు, మొగుడు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. విదోయ్ ఏం చేయాలో తెలియక తనకు తెచ్చిన రాకియా తనే తెరిచి ఆమెకు పోశాడు.

తిరిగి వస్తూ దారిలోనే రాయి చెక్కేవాడికి ఫోన్ చేసింది. "ఆ రాయి జోలికి పోకు బాబూ. నిక్షేపంగా జర్మనీ వెళ్ళిరా," అంది.

బిసెర్కా గేటు దగ్గరే నిలబడి ఉంది, చేతిలో చీపురు, ఊడవడానికి ఆకు కూడా లేదు.

"ఏం పేరిచ్చాడే డాక్టరు?"

"ఏదీ నచ్చలేదు."

"నచ్చలేదా? డెబ్భై ఏళ్ళు మా బుర్రలు తినేసి, రొట్టెలూ మేజోళ్ళూ మోసి, ఇప్పుడు నచ్చలేదా?"

దొస్తా చెల్లెలి ముఖం చూసింది. ఆ పేరు పెట్టిన రెండేళ్ళకు, అమ్మ అంతగా అరిచి చెప్పాక కూడా, ఈ ముఖం పుట్టింది. పదకొండు రోజులకు అమ్మ పోయింది. పసితనం నుంచీ ముత్యం అనిపించుకుంటూ బతికిన ఈ మనిషికి, అమ్మ చాలు చాలని అరిచాకే తను పుట్టానన్న సంగతి తెలియదు. ఆమెను దొస్తా జన్మలో ఎప్పుడూ మాటకు మాట అనకుండా వదల్లేదు. నాలుక చివర ఉన్నది ఒక్కటి అంటే చాలు, బిసెర్కా ఇక ఎప్పటికీ నోరెత్తదు.

"కనీసం ఎవడు పెట్టాడో అడిగావా, తిట్టుకోడానికైనా?" అంది బిసెర్కా.

"ముసలి జహారియే. ఇంకెవరు పెడతారు."

"దుర్మార్గుడు."

"అవును," అంది దొస్తా. "లోపలికి రా, టీ పెడతాను."