మందు వేయని పళ్లెం

మొన్న మా పోతిరెడ్డిపల్లి గల్లీలోకి కళాయి వేసే మనిషి వచ్చాడు. ఇత్తడి గిన్నెలు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాయి? నా దగ్గరున్నాయి, నేను ఏదీ పారేయను. బేరం తెగేదాకా అతణ్ని ఎండలో నిలబెట్టి, ఆ తర్వాతే గిన్నె చేతికిచ్చాను. కాగిన గిన్నెలో నవసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచి ముక్కులో సూదిలా గుచ్చింది. మనవరాలు ముక్కు మూసుకొని లోపలికి పరుగెత్తింది. నేను అక్కడే నిలబడ్డాను. ఆ ఘాటు తగిలితే నాకు సరళ మేడమ్ గుర్తుకొస్తారు. ఆమె గుర్తుకొచ్చిన రోజు నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను.

మా ఆయన పోయాక పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక చిన్న ల్యాబులో గాజుసామాను కడిగే పనికి కుదిరాను. మూడో తరగతితో బడి మానినదాన్ని, సీసాల మీది చీటీలు కూడబలుక్కొని చదివేదాన్ని. సరళ మేడమ్ అక్కడ పెద్ద. జహీరాబాద్ వైపు మనిషి, అంత చదివినా మాట మా మాటే. జంతువుల కణాలను గాజు పళ్లేల్లో పెంచి, వాటికి వైరస్ ఎక్కించి, ఏ మందు దాన్ని ఆపుతుందో చూసేవారు. కొన్నిట్లో మలేరియా గోళీల మందు వేసేవారు, కొన్నిట్లో ఇంకేదో తెల్లపొడి. అదేమిటని అడిగితే, నీ ఇత్తడి గిన్నెలకు వేసే నవసాగరమే అన్నారు. వైరస్‌కూ కళాయి పొడికీ ఏం పొత్తని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చేతిలో పని ఆపి చెప్పారు.

"వైరస్ కణం లోపలికి ఒక సంచిల చుట్టుకొని పోతది యాదమ్మా. ఆ సంచి పుల్లగైతేనే దాని పొట్టు ఊడుతది, బయటపడి పని మొదలువెడ్తది. ఈ మందులు ఆ సంచిల చేరి పులుపు విరుస్తయి. పొట్టు ఊడకపోతే అది అండ్లనే ఖైదు."

ఎండాకాలం పాలు విరగకుండా చిటికెడు సోడా వేస్తాం కదా, అట్లాగేనా అన్నాను. అట్లాగే అన్నారు. ఆ రోజంతా నేను గొప్పగా తిరిగాను.

నాకు గిట్టనిది ఒక్కటే. ప్రతిసారీ కొన్ని పళ్లేల్లో వైరస్ వేసి, మందేమీ వేయకుండా వదిలేసేవారు. ఊదారంగు పోసి చూస్తే బతికిన కణాలు ఊదాగా ఉండేవి, చచ్చినచోట తెల్లటి చుక్కలు పడేవి. మందు వేయని పళ్లేల్లో అన్నీ చుక్కలే. తెలిసిన సంగతికి అన్ని పళ్లేలు ఖరాబు చేయడం ఎందుకని గొణుక్కుంటూ కడిగేదాన్ని. ఒకరోజు ఆ గొణుగుడు ఆమె చెవిన పడింది. "అవి లేకుంటే మిగిలినవి నాకు ఏం చెప్పినా అబద్ధమే," అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

పని మానేసిన చాలా ఏళ్లకు ఊరంతా చికున్‌గున్యా జ్వరాలు వచ్చాయి. మా కోడలు సునీత గోళీల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేది. జ్వరం తగ్గింది కానీ మణికట్లు, వేళ్లు వాచి గ్లాసు కూడా పట్టుకోలేకపోయింది. చంటిపిల్ల చేతులు చాస్తే ఎత్తుకోలేక మొహం తిప్పుకొనేది. ఆ వేళ్లు తిరిగిరాకపోతే పని పోతుంది, ఇల్లు ఎట్లా నడుస్తుంది? గల్లీ డాక్టరు అందరికీ మలేరియా గోళీలు ఇస్తున్నాడు. నాకైతే ఎవరూ చెప్పనక్కరలేదు, ఆ మందు వైరస్‌ను ఆపడం చూసిన కళ్లు ఇవి. అయినా మేడమ్ నోట వినాలని బస్సెక్కాను.

"మందేసిన పళ్లెంల ఆగింది గద మేడమ్. నా కోడలి ఒంట్ల ఎందుకు ఆగదు?"

"ముందుగాల్ల వేస్తే ఆగింది. నీ కోడలికి జరమొచ్చి ఎన్ని దినాలాయె?"

వారం దాటిందన్నాను.

"ఇరిగిన పాలల్ల సోడా వేస్తవా యాదమ్మా?"

నాకు ఒళ్లు మండింది. మరి ఇన్నేళ్లు ఆ పళ్లేలు ఎందుకు కడిగించావని మొహం మీదే అడిగాను. ఆమె కోప్పడలేదు. "పళ్లెంల వేసినంత మనిషికి ఎక్కిస్తే గుండెకు దెబ్బ. తక్కువిస్తే పనిచేస్తదో లేదో నాకు తెల్వదు. తెల్వనిది తెలుసని చెప్పలేను." ఆమె తెప్పించిన చాయ్ తాగకుండానే లేచి వచ్చాను.

సర్కారు దవాఖానాలో ఇచ్చిన నొప్పుల గోళీ, వేడినీళ్ల కాపడం, అంతే. వంట నేనే, బట్టలు నేనే, పిల్ల నా చంకలోనే. అదే జ్వరంతో మంచం పట్టిన పక్కింటి బాలమణి మలేరియా గోళీలు మింగి లేచి నల్లా దగ్గరికి నడిచి వచ్చింది. "ఏందక్కా, గోళీలకు గూడ పిసినారితనమేనా? కోడలి చేతులు పడిపోయినంక ఏడుస్తవా?" అంది. ఆ రోజు నుంచి ఒకటే తిరుగుడు. గల్లీ డాక్టరు అరుగు దాకా పోవడం, మేడమ్ మాట అడ్డుపడి మళ్లీ రావడం. దారి పొడుగునా ఆమెను తిట్టుకున్నాను.

ఒక పొద్దున బావి గిలక తిరిగినట్టు చప్పుడైతే బయటికొచ్చి చూశాను. ఉయ్యాల అది. సునీత తన చేత్తో పిల్లను ఎత్తి అందులో వేసి ఊపుతోంది. బాలమణి లేచిన కొద్దిరోజులకే ఇది కూడా లేచింది, ఆ గోళీ ఒక్కటీ మింగకుండా. బాలమణి వాళ్ల అక్క మాత్రం అవే గోళీలు మింగి ఉగాది దాకా గోడ పట్టుకొనే నడిచింది.

పరుగున పోయి మేడమ్‌కు ఫోన్ చేశాను. మందు వేయని పళ్లెం నా ఇంట్లోనే ఉంది మేడమ్, అన్నాను. మెచ్చుకుంటారనుకున్నాను. "నీ కోడలు లేచింది, సంతోషం. కానీ ఒక్క పళ్లెంతోని ఏం తేలదు యాదమ్మా," అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ నిలవనీయదు. ఎవరైనా ఫలానా కషాయంతో నయమైందంటే, తాగనోళ్లు ఏమైన్రని అడుగుతాను. గల్లీలో నాకు మొండిదని పేరు. ఉండనీ. నా పరేషాన్ వేరే. సునీత వేళ్లు తిరిగిరాకపోయి ఉంటే నేను సరళ మేడమ్‌ను క్షమించేదాన్నా? కళాయి గిన్నె తెల్లగా మెరుస్తుంటే దాన్ని పట్టుకొని చాలాసేపు అదే ఆలోచించాను. నాకు తెలియదు. తెలియనిది తెలుసని చెప్పలేను.