మా కల్లంలో మందు ఆపిన ఏడు

ఆ రోజు నేను చేసిన తప్పు, తమ్ముణ్ణి కల్లానికి రావద్దనడం. ఆ మిరప పంట వాడిది. గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరు గారి దగ్గర తాగుడు మాన్పించుకుని వచ్చాక, నారు పోసిన దగ్గర్నుంచి కోతల దాకా వాడు చేను వదిలి కదల్లేదు. రంగు పోయిన తాలుకాయలు ఏరేటప్పుడు కూలీల మధ్యే కూర్చుని ఏరాడు. అంతా అయ్యి, సరుకు లారీకెత్తే రోజున నువ్వు ఇంటి దగ్గరే ఉండరా అన్నాను.

కారణం మందు. గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దున మా వైపు ఎండుమిరపకాయల్ని గోతాల్లో పోసి, మనిషి లోపలికి దిగి కాళ్లతో తొక్కి, మూతి కుట్టేస్తారు. ఆ బస్తాను టిక్కీ అంటాం. ఘాటుకు కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, రెండు రోజుల దాకా ఒళ్లు మండుతూనే ఉంటుంది. అందుకని లారీ కదిలాక, టిక్కీలు తొక్కిన కూలీల ముఠాకు రైతు మందు పోయించాలి, తనూ వాళ్లతో కూర్చుని ఒక గ్లాసు పుచ్చుకోవాలి. పోయించని రైతు దగ్గరికి పై ఏడు ముఠా అందరికన్నా ఆఖరున వస్తుంది. మా నాన్న అలాగే కూర్చున్నాడు, తర్వాత నేను. తమ్ముడికి మీసాలు రాకముందే ఆ కల్లంలో మొదటి గ్లాసు చేతికిచ్చింది నేనే. మగపిల్లాడు భయం లేకుండా తాగాడని అందరం నవ్వాం.

అంతకు ముందు వారం వాడు నన్ను అడిగాడు. మందు బదులు ఈసారి మాంసం వండించి భోజనం పెడదామన్నాడు. తనే దగ్గరుండి వండిస్తానన్నాడు. ఊళ్లో తలెత్తుకోలేమని నేను కొట్టిపారేశాను. వాడు రెండోసారి అడగలేదు.

సాయంత్రం లారీ కదిలాక సీసాలు తెరిచారు. ముఠా మేస్త్రీ నా పక్కకు చేరి, "చిన్నాయన ఏడి బాబాయ్? గదిలో పెట్టి గొళ్లెం పెట్టావా ఏంది?" అన్నాడు. ముఠా అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోనే గ్లాసు అందుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. తమ్ముడు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సరుకు బాగా కుదిరిందని, లారీ వెళ్లిందని చెబుతూ వాడి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. వాడు మొహం పక్కకు తిప్పుకుని లేచాడు. లోపలికి వెళ్లి ఒక సంచీతో వచ్చి, వీధిలోకి నడిచాడు.

తమ్ముడి భార్య, మా మరదలు, ఎప్పుడూ నాతో నేరుగా మాట్లాడేది కాదు. ఏదన్నా ఉంటే నా భార్యతో చెప్పించేది. ఆ రోజు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ముఠావాళ్లకు ఏం లోటు రాకూడదో అన్నీ ఆలోచించారు బావగారూ. మీరు తాగొచ్చి పక్కన కూర్చుంటే ఆయనకేమవుద్దో ఆలోచించలా."

నేను మోపెడ్ తీశాను. ముందు వెళ్లింది రోడ్డు మీది బ్రాందీ షాపుకు. అక్కడ లేడు. చివరికి బస్సులు ఆగే చోట కనిపించాడు, సంచీ ఒళ్లో పెట్టుకుని. తాగావా అని అడిగాను. నా నోటి వాసన నాకే కొడుతుండగా అడిగాను.

"లేదన్నయ్యా. తాగాలనిపించింది. నీ పక్కన ఇంకాసేపు కూర్చుంటే తాగేవాణ్ణి. గుంటూరు పోయి డాక్టరు గార్ని కలుస్తా."

ఇంటికి రమ్మని బతిమాలాను. బస్సు రాగానే ఎక్కేశాడు. మోపెడ్‌ను బడ్డీకొట్టు వాళ్లకు అప్పగించి నేనూ ఎక్కాను. వాడి పక్క సీటు ఖాళీగానే ఉంది. వాసన తగలకుండా వెనక్కి వెళ్లి కూర్చున్నాను.

మర్నాడు డాక్టరు గారు ఇంట్లో ఇంకా ఎవరు తాగుతారని అడిగారు. నేనని చెప్పాను. వారం వారం ఇంటివాళ్లను కూడా పిలుస్తారక్కడ. వైద్యం తమ్ముడికైతే నాకేం పనని అన్నాళ్లూ మరదల్నే పంపాను. ఆ వారం నుంచి నేను వెళ్లాను. పండగలకూ పబ్బాలకూ తప్ప ముట్టనని చెప్పుకునేవాణ్ణి. నేనూ మానేశాక తెలిసింది, ఏ కారణం దొరికినా నాకది పండగేనని. సాయంత్రాలు చికాకుగా ఉండేది. అప్పుడు తమ్ముడే చేలోకి పిలుచుకుపోయేవాడు.

పై ఏడు కాయ ఎండక ముందే మేస్త్రీ ఇంటికి వెళ్లి, మా కల్లంలో ఇక మందు ఉండదని, భోజనం పెడతామని చెప్పాను. "మాంసం తింటే ఘాటు దిగుద్దా బాబాయ్?" అని నవ్వాడు. అయినా సరే అన్నాను. సగం మందిని పంపాడు. మిగిలిన గోతాల్లోకి నేనూ తమ్ముడూ దిగాం. ఎన్నో ఏళ్లుగా గట్టున నిలబడి చూసినవాణ్ణి, ఆ రోజు దగ్గలేక గోతాం అంచు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కరోజు పని రెండు రోజులు పట్టింది. ఊళ్లో ఏమేమో అన్నారు, కొన్ని నా చెవిన పడ్డాయి. మందు మాత్రం తెప్పించలేదు.

లారీ బయల్దేరేముందు తమ్ముడితో, గుంటూరు మిర్చి యార్డుకు నువ్వొక్కడివే వెళ్లి సరుకు అమ్ముకుని రమ్మన్నాను. నమ్మానని చూపించాలని నా ఆశ. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నువ్వూ రా అన్నయ్యా. డబ్బు చేతికొచ్చే పూట నాకు కష్టంగా ఉంటది. కాపలా కాయొద్దు. పక్కన ఉండు, చాలు."

లారీ ఎక్కాను. గుంటూరులో సరుకు అమ్ముడై కమీషన్ కొట్టు నుంచి బయటికొచ్చాక వాడు ఎటు నడిస్తే అటు నడిచాను. ఒకచోట టీ తాగాం. కాసేపు ఊరికే నిలబడి, ఇంకో టీ తాగుదామా అన్నాడు. తాగుదామన్నాను. వాడి గ్లాసు ఖాళీ అయ్యేదాకా నాది చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను.