లూచీలు తిని వచ్చిన పని

నా దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి ఒకే వ్యాసాన్ని దొంగచాటుగా రెండు పత్రికలకు పంపిందని మా విభాగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. తప్పు నాది.

ఆమెది కోల్‌కతా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్. అక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిపాటల మీద ఇద్దరం వ్యాసం రాసి కోల్‌కతాలోని ఒక పరిశోధన పత్రికకు పంపాం. ఏడాది దాటినా ఉలుకూ పలుకూ లేదు. వ్యాసం అచ్చయితే తప్ప ఆమె థీసిస్ తీసుకోరు.

"ఎనక్కి తీసీసుకుందాం సార్. ఇంకో పత్రికకి పంపుదాం," అంది.

ఒకచోట వెనక్కి తీసుకోకుండా మరోచోటికి పంపకూడదు. దానికి ఒక్క ఈమెయిల్ చాలు. కానీ సంపాదకుడు పెద్దాయన, బెంగాలీ. ఈమెయిల్‌తో తెంచుకోవడం మర్యాద కాదని నేనే ఆయన ఇంటికి వెళ్ళాను.

టీ వచ్చింది. వెనకాలే బెంగాలీ పూరీలు, అదే లూచీలు, ఆలూదమ్ వచ్చాయి. ఫుట్‌బాల్ గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. "మీ వ్యాసం మా పత్రికకు రావడం అదృష్టం," అన్నాడాయన. అంతమాట అన్నాక ఇంకేం చెప్పను? పైగా నోట్లో లూచీ ఉంది.

మర్నాడు ఆమెతో, "చెప్పేశాను, పంపెయ్," అన్నాను. రేపో మాపో ఫోన్లో చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఆమె పంపింది. ఆ కొత్త పత్రిక వాళ్ళు వ్యాసాన్ని పరిశీలించమని ఎవరికి పంపారు? ఆ పెద్దాయనకే. ఈ ఊళ్ళో తెలుగు పెళ్ళిపాటలు తెలిసిన పండితులు ఎందరుంటారు మరి! ఇది ఇప్పటికే తన దగ్గరుందని ఆయన రాశాడు. కొత్త పత్రిక తలుపు మూసేసింది. పంపింది ఆమె గనుక నింద ఆమెకే.

ఆమె దగ్గర నిజం ఒప్పుకున్నాను.

"ఒక్క ముక్క చెప్పలేకపోనారా సార్?"

"లూచీలు పెట్టారమ్మా."

"మా అమ్మా పెడతాది పూరీలు. అందుకని మీ ఉజ్జోగం మా అమ్మకి రాసిచ్చీస్తారేటి?"

ఇద్దరం పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. తలొంచుకుని అంతా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"అరే మోశాయ్! ఆ వ్యాసం మా పత్రికకు నప్పదని ఏడాదిగా మీకెలా చెప్పాలో తెలియక నేను చస్తున్నాను!"

అప్పటికప్పుడు కొత్త పత్రిక సంపాదకుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. వ్యాసం అక్కడ అచ్చయింది. థీసిస్ మాత్రం గడువు తప్పి, ఆలస్యంగా వెళ్ళింది.

ఇప్పుడు ఆమె ఉద్యోగాలకు ఇంటర్వ్యూలకు వెళుతోంది. ఆమెకన్నా ముందే ఆ పుకారు అక్కడికి చేరుతోంది.

"అడిగితే ఏం చెబుతావు?" అన్నాను.

"మీ పేరు చెప్తాను."

"చెప్పు," అన్నాను.